తాడిపత్రి నుంచి గండికోట దాకా: కథకు నేల ఏమిస్తుంది

గుంతకల్లు నుంచి రేణిగుంట పోయే రైలుమార్గంలో తాడిపత్రిలో దిగితే ముందు కంటపడేది బండ. నల్లటి సున్నపురాయి బండ. చేల చుట్టూ నిలువునా పాతిన బండలు, అరుగు మీద బండ, చాలా ఇళ్లకు పైకప్పూ బండే. పొరలు పొరలుగా లేచే రాయి కాబట్టి చెక్కే పని తక్కువ. చెట్టు కరువైన సీమలో కర్ర చేయాల్సిన పనులు సగం ఈ రాయే చేస్తుంది. కథలో 'ముళ్లకంచె' అని రాసే ముందు ఆ ఊళ్లో కంచె దేనితో వేస్తారో చూసుకోవాలి. ముళ్లకంచె మనిషిని దగ్గరికి రానివ్వదు. బండల కంచెకు ఆనుకుని గంటసేపు మాట్లాడుకోవచ్చు.

ఈ దారిన వచ్చింది పాత మట్టిమిద్దెల కోసం. కొత్త ఇళ్లన్నీ స్లాబులే అయినా పల్లెల పాత వీధుల్లో అవి ఇంకా నిలిచే ఉన్నాయి. గోడలు బాగా మందం. వాటి మీద దూలాలు, దూలాల మీద అడ్డంగా దంతెలు, దంతెల మీద బండలో కట్టెపుల్లలో పరిచి, పైన మట్టి మెత్తి, అన్నిటికన్నా పైన చవుడు పోస్తారు. చవుటిమట్టిలో సోడియం ఎక్కువ. తడవగానే దాని రేణువులు విడిపోయి సందులన్నీ పూడ్చేస్తాయి, నీళ్లు కిందికి దిగవు. వానలకు ముందు ఏటా కొత్త చవుడు పోయాలి, మొలిచిన గడ్డి పీకెయ్యాలి. లేకపోతే గడ్డివేళ్ల వెంబడి నీరు దిగి దంతెలు పుచ్చుతాయి. అందుకే ఈ ఊళ్లలో మిద్దె మీద గడ్డి ఏపుగా కనబడితే ఆ ఇంటివాళ్లు వలసపోయారని ఎవరూ చెప్పనక్కర్లేదు. కథకుడికి ఒక పేరా మిగిలినట్టే.

ఈ ఇళ్లకు వీధివైపు కిటికీలు లేవు, ఉన్నా చిన్నవి. వెలుతురు రావాలన్నా, పొయ్యి పొగ పోవాలన్నా కప్పులో వదిలిన కంత, అంటే గవాచే దారి. పగటిపూట దాంట్లోంచి ఎండ నేల మీద బిళ్లలా పడి గోడవైపు జరుగుతుంది. పొద్దు ఎంతైందో లోపలున్నవాళ్లకు అదే చెప్తుంది. చినుకు పడితే ఎవరో ఒకరు నిచ్చెనెక్కి గవాచి మీద బండ మూయాలి. పైన నిలబడినవాడికి లోపలి మాట వినబడుతుంది, ఎవరింట్లో ఇంకా పొయ్యి వెలగలేదో కనబడుతుంది. మిద్దెలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్న వీధిలో నేల మీద కాలు పెట్టకుండానే నాలుగిళ్లు దాటొచ్చు. వేసవిలో పడకలన్నీ పైనే. సీమ కథలో రహస్యం బయటపడాలంటే కిటికీ దగ్గర నిలబడిన అమ్మాయితో పని లేదు, గవాచి ఉంది. ఈ నేల మీద నడవనివాళ్ల కథల్లో ఆ కిటికీ మళ్లీ మళ్లీ కనబడుతుంది. అది చదివినప్పుడల్లా నాకు బాధేస్తుంది, ఎందుకంటే అంతకన్నా మంచి సన్నివేశం ఆ ఇంటి కప్పులోనే ఉంది.

కోనసీమలో ఇదంతా తలకిందులు. పెంకుల కప్పు ఏటవాలు, దాని మీద ఎవరూ పడుకోరు. ఇళ్లు కొబ్బరితోటల్లో విడివిడిగా ఉంటాయి. వచ్చే మనిషి గుమ్మం ముందు నిలబడేదాకా తెలియదు. ఇక్కడ నల్లరేగడి మైదానంలో మనిషి మైలు దూరం నుంచే కనబడతాడు. అతను ఊరు చేరేలోపు ఎవరో, ఎందుకొస్తున్నాడో అరుగుల మీద తేలిపోతుంది. అక్కడ రాక ఆశ్చర్యం, ఇక్కడ రాక నిరీక్షణ. పగా ప్రతీకారాల కథలకు ఈ తేడా ప్రాణం.

తాడిపత్రి దాటాక రోడ్డు పక్కన నేల రంగు మారుతుంటుంది. అది పట్టి చూడాల్సిన సంగతి. ఎర్రనేలలో వేరుశనగ జూన్, జూలైల్లో విత్తుతారు. పదును నాలుగు రోజులు నిలిస్తే గొప్ప. నల్లరేగడి తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి పప్పుశనగను అక్టోబరు, నవంబరుల్లో వేసి ఆ తేమతోనే పండిస్తారు. అయితే వాన పడ్డ వెంటనే రేగడిలోకి ఎద్దులు దిగలేవు. అనంతపురం జిల్లాలో ఏడాది వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అసలు దెబ్బ ఆ కొలతలో ఉండదు. విత్తిన నలభై రోజుల ప్రాంతంలో వేరుశనగ ఊడలు, అంటే పూత నుంచి నేలలోకి పోయి కాయ పట్టే కాడలు, దిగుతాయి. అప్పుడు బెట్ట వచ్చి నేల గట్టిపడితే ఊడ లోపలికి పోదు, కాయ పట్టదు. పైన చెట్టు మాత్రం పచ్చగానే ఉంటుంది. పచ్చటి చేను చూసి అప్పిచ్చినవాడు ధీమాగా ఉంటాడు. చెట్టు పీకి చూసుకున్న రైతుకే నిజం తెలుసు. ఆ మధ్య గడిచే వారాలే కథ. 'వానల్లేక పంట పోయింది' అని ఒక్క వాక్యంలో తేల్చేస్తే ఆ వారాలన్నీ పోతాయి.

కొండాపురం దగ్గర గండికోట జలాశయం. శ్రీశైలం నుంచి అవుకు మీదుగా వచ్చే కృష్ణా నీళ్లు ఇక్కడ చేరతాయి. ముంపు ఊళ్లకు కట్టిన కాలనీల్లో వీధులు తిన్నగా, వెడల్పుగా ఉన్నాయి, ఇంటికీ ఇంటికీ మధ్య ఖాళీ. మిద్దె నుంచి మిద్దెకు దాటడం లేదు, గవాచి లేదు. ఇక్కడి మనుషుల కథ రాసేవాళ్లకు పాత ఊరి ఎత్తుగడలేవీ పనికిరావు. పక్కింటి కబురు ఇప్పుడు ఏ దారిన వస్తోందో కొత్తగా వెతుక్కోవాలి. బహుశా ఫోన్‌లో, బహుశా నీళ్ల ట్యాంకు దగ్గర.

గండికోట జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లు. ఎర్రమల కొండలను పెన్న నిలువునా కోసిన చోట, లోయ అంచున కోట. నీళ్లు కళ్లెదుటే కనబడతాయి, కానీ వందడుగులకు పైగా కింద. కోట లోపల కోనేరు, పెద్ద ధాన్యాగారం ఎందుకున్నాయో ఆ అంచున నిలబడితే తెలుస్తుంది. ముట్టడి కథ రాయాలనుకునేవాళ్లు ఫొటోలతో సరిపెట్టుకోకుండా కోనేటి నుంచి లోయ అంచుదాకా నిండు బిందెతో ఒకసారి నడవాలి. ఎక్కడ ఆయాసం వస్తుందో, ఏ మలుపులో గాలి తోస్తుందో, కాపలావాడి కంటికి ఎక్కడ పడతామో, ఎక్కడ పడమో రాసుకోవాలి. మే నెలలో ఒకసారి, డిసెంబరులో ఒకసారి నడిస్తే మంచిది. ఎండల్లో బండ కాళ్లను కాలుస్తుంది, మనిషి నీడ వెతుక్కుంటూ వంకరగా నడుస్తాడు. చలికాలంలో అదే మనిషి తిన్నగా పోతాడు.