ఆరని బ్రేక్ లైటు

ఆదివారం, రాత్రి పది దాటింది.

మూడుసార్లు చేతులు కడిగినా గోళ్ల సందుల్లో నలుపు పోలేదు. ఈ పేజీ అంచున కూడా ఓ వేలిముద్ర పడింది. పడనీ.

పొద్దున జీపు కింద దూరేటప్పుడు నా లెక్క చాలా చిన్నది. రెండు లైట్ల గొడవలు, గంటలో తేలిపోతాయనుకున్నాను. ఒకటి, బ్రేకు తొక్కితే ఎడమవైపు వెనక లైటు ఇంకా బాగా వెలగాల్సింది పోయి మసకబారుతోంది. రెండోది, కాసేపు బండి తిప్పాక బ్రేకు మీంచి కాలు తీసినా బ్రేక్ లైటు ఆరడం లేదు. దీనికోసం మొన్ననే కొత్త స్విచ్ వేశాను. అయినా అదే వరస. ఇవి కాక, బండి ఈమధ్య కాస్త బరువుగా లాగుతోంది. ముసలి ఇంజిన్ కదా అని దాన్ని లెక్కలోకే తీసుకోలేదు.

బండి 1960ల నాటి సీజే-3బీ మోడల్ జీపు. ఎత్తు బానెట్ చూసి అందరూ అదో డిజైన్ అనుకుంటారు గానీ అందులో అందం ఊసే లేదు. 1953లో ఈ మోడల్‌కి పెట్టిన ఇంజిన్ పాతదానికంటే ఎత్తు. బానెట్ కింద పట్టలేదు, బానెట్‌నే పైకి లేపారు. అంతే. నా బండి వైరింగు కూడా అదే ధోరణిలో నడిచింది. ఎవరికి ఎలా కుదిరితే అలా అతికారు. ఎర్రగా బయల్దేరిన వైరు సీటు కింద పచ్చగా మారి, లైటు దగ్గరికొచ్చేసరికి నల్లగా తేలుతుంది.

మసక లైటు సంగతి ముందు పట్టుకున్నాను. వెనక బల్బులో రెండు ఫిలమెంట్లుంటాయి, మామూలుగా వెలగడానికి 5 వాట్లది, బ్రేకుకి 21 వాట్లది. రెండింటికీ ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగిపోయే దారి, ఒక్కటే. ఆ ఎర్త్ సరిగా అందకపోతే పెద్ద ఫిలమెంట్ కరెంటు తిరిగిపోవడానికి వేరే దారి వెతుక్కుంటుంది. లైట్ల స్విచ్ ఆపేసి బ్రేకు తొక్కితే డాష్‌బోర్డు మీద మీటరు బల్బు సన్నగా మిణుకుమంటోంది. చిన్న ఫిలమెంట్‌లోంచి వెనక్కి దూరి, ముందు దాకా వెళ్లిందన్నమాట. ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. కానీ మల్టీమీటరు ఓమ్స్‌లో (కరెంటుకి అడ్డెంతో కొలిచే చోట) పెట్టి చూస్తే ఎర్త్ బ్రహ్మాండంగా ఉందంది! ఇక్కడే అరగంట పోయింది. వైరులో ఒక్క పోగు మిగిలున్నా, బోల్టు ఓ మూల ఆనుకున్నా మీటరు సరేనంటుంది. దాని చిన్న బ్యాటరీ పంపే కరెంటుకి ఆ మాత్రం దారి చాలు. 21 వాట్ల బల్బుకి 12 వోల్టుల మీద దాదాపు 1.75 ఆంపియర్లు కావాలి, ఆ ఇరుకు దారిలో పట్టవు.

అందుకే లైటు వెలుగుతుండగానే చూడాలి. అమ్మాయిని పెడల్ మీద కూర్చోబెట్టి, మీటరు ఒక ముల్లు బ్యాటరీ నెగటివ్‌కి, రెండోది లైటు రేకుకి ఆనించాను. సున్నాకి దగ్గరగా ఉండాలి, 0.2 దాటితే అనుమానించాలి. 4.3 చూపించింది. నాలుగు వోల్టులు తుప్పుపాలు.

తుప్పు కూడా కాదు, తీరా విప్పితే నా పెయింటే. రెండు నెలల కిందట ఛాసిస్‌కి శ్రద్ధగా రంగు వేశాను. లైటు బిగించే బ్రాకెట్ లోపలి ముఖాన్నీ వదల్లేదు. మెరిసే రేకు బయటపడేదాకా ఎమెరీ పేపర్‌తో రుద్ది, పళ్ల వాషర్ వేసి బిగించాను. 0.05. బ్రేకు తొక్కగానే లైటు భగ్గుమంది.

ఆ ఊపులో రెండోది పట్టుకున్నాను. బండిని ఓ పావుగంట తిప్పుకొచ్చాను. కాలు తీసినా లైటు అలాగే ఉంది. స్విచ్ మీది వైరు పీకితే ఆరింది. అంటే ఎక్కడో పాజిటివ్ తగులుతోందన్న అనుమానం పోయింది, స్విచ్ నిజంగానే ఆన్‌లో ఉంది. మొన్న వేసిందీ పాతదీ రెండూ ఒకేలా చెడిపోతాయా? ఈ ప్రశ్న నాకు వారం కిందటే రావాల్సింది.

ఈ బండిలో బ్రేక్ స్విచ్ పెడల్ దగ్గర ఉండదు. పెడల్ తొక్కితే ఆయిల్‌ని నాలుగు చక్రాలకీ నెట్టే మాస్టర్ సిలిండర్‌కే బిగించి ఉంటుంది, బ్రేక్ ఆయిల్ ప్రెషర్‌తో పనిచేస్తుంది. పెడల్ పైన ఉందా కింద ఉందా దానికి తెలీదు. ప్రెషర్ ఉంటే వెలిగిస్తుంది. మరి కాలు తీశాక కూడా వెలుగుతోందంటే?

లేచి చక్రాల బ్రేక్ డ్రమ్ముల దగ్గర అరచెయ్యి పెట్టాను, తాకకుండా. నాలుగూ సెగలు కక్కుతున్నాయి. ఒక్క చక్రమే అయితే ఆ చక్రంలోని వీల్ సిలిండర్ పట్టేసిందనో, దానికి ఆయిల్ తెచ్చే హోస్ లోపల ఉబ్బిందనో అనుకోవచ్చు. నాలుగూ అంటే తప్పు మాస్టర్ దగ్గరే.

ముందు కుడి చక్రం దగ్గర ఆయిల్ బయటికి వదిలే నిపుల్‌కి గొట్టం తొడిగి, రెండో కొస సీసాలో పెట్టి, స్పానర్‌తో పావు తిప్పు తిప్పాను. పెడల్ మీద ఎవరూ లేరు. అయినా ఆయిల్ చివ్వున చిమ్మింది.

వెనకనుంచి కేక. "నాన్నా, ఆరిపోయింది!"

ఇంత సూటిగా ఏ బండీ నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. వారం రోజులుగా ఆ లైటు 'బ్రేకు పడే ఉంది, పడే ఉంది' అని చెబుతుంటే, నేను దాని నోరు మార్చాను.

కారణం కూడా నేనే. పది రోజుల కిందట పెడల్ కాస్త కిందికి దిగుతోందని పెడల్ నుంచి మాస్టర్ సిలిండర్‌ని నెట్టే రాడ్‌ని పొడుగు చేసి బిగించాను. పెడల్ పైకొచ్చింది, మురిసిపోయాను. మాస్టర్ సిలిండర్‌లో సూది మొనంత రంధ్రం ఒకటుంటుంది. కాలు తీశాక లోపలి రబ్బరు కప్పు ఆ రంధ్రం దాటి వెనక్కి రావాలి, అప్పుడే వేడికి పెరిగిన ఆయిల్ ట్యాంకులోకి తిరిగి పోతుంది. నేను ఫ్రీ ప్లే (పెడల్ మొదట్లో ఖాళీగా కదిలే చోటు) లేకుండా బిగించేసరికి కప్పు రంధ్రాన్ని మూసుకుని కూర్చుంది. ఆయిల్ వేడెక్కి ఉబ్బడం, డ్రమ్ము లోపలి బ్రేక్ షూలు ఇంకా ఒత్తుకోవడం, ఇంకా వేడెక్కడం. ఇంజిన్ ముసలిదై కాదు, పాపం, బ్రేకులు వేసిన బండిని లాగుతూ వచ్చింది.

తలుచుకుంటే ఇప్పుడు భయమేస్తోంది. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు మరిగేది 205 డిగ్రీల పైన. తేమ పీల్చుకున్నాక 140 దాకా పడిపోవచ్చు. ఒకసారి ఆవిరి పుడితే పెడల్ నేలకి ఆనుతుంది. నాలుగు చక్రాలకీ ఒకే లైను, ఒక్కచోట పోతే అన్నీ పోయినట్టే. హ్యాండ్ బ్రేక్ విడిగా ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద ఉంది గానీ, వాలులో దాన్ని నమ్ముకోవడం దేవుణ్ణి నమ్ముకోవడమే.

రాడ్ లాక్ నట్ వదులు చేసి, పెడల్ దగ్గర అర అంగుళం ఖాళీ వచ్చేలా పెట్టాను. పెడల్ మళ్లీ కిందికి దిగింది. దిగదా మరి, అసలు రోగం అరిగిన షూలది. డ్రమ్ము ఒకటి విప్పి చూశాను. దుమ్ము ఊదలేదు, తడిగుడ్డతో తుడిచాను. పాత షూలలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తర్వాత ఒక్కో చక్రం గాల్లోకి లేపి, షూ పట్టేదాకా బిగించి, చక్రం ఏ రాపిడీ లేకుండా తిరిగేదాకా వదిలాను. ఎనిమిది షూలు. నడుం సంగతి రాయను.

సాయంత్రం అరగంట తిప్పాను. డ్రమ్ములు గోరువెచ్చగా ఉన్నాయి. న్యూట్రల్ చేస్తే బండి తనంతట తానే చాలాదూరం దొర్లింది, ఎన్నాళ్లకో. కాలు తీయగానే లైటు ఆరింది.

పనిముట్లు సర్దుతుంటే పాత స్విచ్ డబ్బా అడుగున కనిపించింది. తుడిచి, కవర్లో చుట్టి, సీటు కింద పెట్టాను.

"అది బాగానే ఉందిగా. మరి కొత్తది ఎందుకు వేశావు నాన్నా?"

"ఒకటి స్పేర్ ఉంటే మంచిదని."

నమ్మినట్టు లేదు.

రేపు: ఆయిల్ మొత్తం మార్చాలి, దూరపు చక్రం నుంచి మొదలుపెట్టి ఎయిర్ తీయాలి. నిపుల్ దగ్గర చిందిన ఆయిల్‌కి ఛాసిస్ మీద రంగు అరచేతి మేర ఉబ్బి లేచింది. అది అలాగే ఉండనీ.