సాన్ క్లెమెంటే అడుగున మిత్రా మందిరం

జూబిలీ యాత్రలో మా బృందం రోమ్ చేరాక, నలుగురూ చూసే పెద్ద బసిలికాలతో పాటు కొలోసియానికి దగ్గరలోని సాన్ క్లెమెంటే దేవాలయానికి కూడా వెళ్లాలని నేను పట్టుబట్టాను. కతోలిక పూజా విధానమంతా మిత్రా మతం నుంచి, అంటే రోమన్ సామ్రాజ్యంలో మిత్రా అనే దేవుణ్ణి కొలిచిన మతం నుంచి, ఎత్తుకొచ్చినదేనని వాదించే మా బావగారు, ప్రతి క్రిస్మస్‌కూ ఈ గుడినే సాక్ష్యంగా చూపిస్తుంటారు.

పైన ఉన్నది పన్నెండో శతాబ్దపు దేవాలయం. దాని కింద నాలుగో శతాబ్దపు దేవాలయం, ఇంకా కింద తొలి శతాబ్దపు రోమన్ కట్టడాలు ఉన్నాయి. 1857లో ఐరిష్ డొమినికన్ గురువు జోసెఫ్ ముల్లూలీ తవ్వకాలు మొదలుపెట్టాకే ఇవి వెలుగు చూశాయి. అట్టడుగుకు దిగేసరికి గోడలు చెమ్మగా ఉన్నాయి, ఎక్కడో నీళ్లు పారుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఇనుప కటకటాల అవతల గుహలా కమాను కప్పిన గది, దానికి రెండు పక్కలా రాతి అరుగులు, నడుమ బలిపీఠం. దాని మీద ఎద్దును లొంగదీసి కత్తి దించుతున్న మిత్రా, పక్క ముఖాల మీద దివిటీలు పట్టిన ఇద్దరు పరిచారకులు.

మా బావగారు చెప్పని విషయం ఒకటి అక్కడే కనిపించింది. నాలుగో శతాబ్దపు దేవాలయం మొదట లేచింది ఈ గది మీద కాదు, ఇరుకు సందుకు అవతల ఉన్న మరో కట్టడం మీద. మిత్రా ఆరాధన ఆగిపోయాకే దేవాలయపు వెనుక భాగాన్ని ఇటు పొడిగించారు. ఆ సందులో నడిచి చూస్తే, వీటిది తల్లీబిడ్డల సంబంధం కాదు, ఇరుగుపొరుగు సంబంధం అనిపిస్తుంది.

పోలికలు లేవని కాదు. మిత్రా భక్తులు కూడా రొట్టెను, నీటి పాత్రను ఉంచి ఏవో మాటలు పలుకుతారని, అది మన సత్ప్రసాదానికి (పూజలో పంచే రొట్టె, పాత్రలకు) దయ్యాలు చేసిన అనుకరణ అని రెండో శతాబ్దం నడుమ తొలినాటి క్రైస్తవ రచయిత పునీత జస్టిన్ రాశాడు. అయితే తొలి శతాబ్దం నడుమ పౌలు కొరింథీయులకు రాసిన లేఖలో ఆ రొట్టె, ఆ పాత్ర అప్పటికే ఉన్నాయి. రోమన్ మిత్రా మతపు ఆనవాళ్లు మాత్రం తొలి శతాబ్దం చివరినాటికి గాని దొరకవు. మిత్రా కన్యకు పుట్టాడనే మాట కూడా నిలవదు, శిల్పాలన్నీ ఆయన రాతి నుంచి పుట్టుకొచ్చినట్టే చూపిస్తాయి.

డిసెంబర్ 25 సంగతిలో మాత్రం బావగారి వాదనకు కొంత బలముందని ఒప్పుకుంటాను. 354 నాటి రోమన్ పంచాంగ సంకలనంలో అదే తేదీకి అజేయుని (మిత్రాను కూడా ఈ పేరుతో పిలిచేవారు, ఇక్కడ సూర్యదేవుడని సాధారణంగా భావిస్తారు) జన్మదినమూ ఉంది, బేత్లెహేములో క్రీస్తు జననమూ ఉంది. పైగా అన్యమతాల వాటిని సొంతం చేసుకోవడాన్ని శ్రీసభ దాచిందీ లేదు: ఇంగ్లండులోని అన్యదేవతల గుళ్లను కూల్చవద్దని, విగ్రహాలను తీసేసి తీర్థజలం చల్లి వాడుకోమని 601లో గ్రెగోరీ పాపుగారు లేఖ రాశారు. గుణదల తిరునాళ్లలో తలనీలాలు ఇచ్చి, కొబ్బరికాయ కొట్టే మన భక్తులను చూసినవారికి ఇదేమీ వింతగా తోచదు. తిరిగి వెళ్లాక బావగారితో వాదన అక్కడి నుంచే మొదలుపెట్టాలనుకున్నాను.