మారా అన్న నయోమిని మాట్లాడనివ్వండి

రూతు గ్రంథం మన స్త్రీల కూడికల్లో ఎన్నిసార్లు చదివి ఉంటామో లెక్కలేదు. అయినా చాలాచోట్ల పాఠం ఒక్కటే అవుతోంది: కోడలంటే రూతులా ఉండాలి, అత్తమాట జవదాటకూడదు. గుంటూరు, విజయవాడల్లో పెళ్లికార్డుల మీద కూడా రూతు 1:16 అచ్చువేయిస్తాం. "నీవు వెళ్లు చోటికే నేను వచ్చెదను." ఆ మాట పెళ్లికూతురు పెళ్లికొడుకుతో అన్నది కాదు. భర్తను పోగొట్టుకున్న ఒక ఆడది, భర్తనూ ఇద్దరు కొడుకులనూ పోగొట్టుకున్న ఇంకో ఆడదానితో, నడిదారిలో ఏడుస్తూ అన్న మాట. పైగా అది రూతు తన అత్త నయోమి మాట కాదని అన్న మాట. "మీరు తిరిగి వెళ్లండి" అని నయోమి మళ్లీ మళ్లీ చెప్పింది. ఆ మాట విన్నది ఇంకో కోడలు ఓర్పా. అత్తకు విధేయురాలైన కోడలు ఎవరని అడిగితే వాక్యం ప్రకారం జవాబు ఓర్పా అనే చెప్పాలి. ఆమెను లోకంలోకి వెళ్లిపోయిన పాపిగా చిత్రించే ప్రసంగాలకు గ్రంథంలో ఆధారం లేదు. ఆమె ఏడ్చింది, అత్తను ముద్దుపెట్టుకుంది, నయోమి దీవెన తీసుకుని వెళ్లింది. అంతే.

ఈ గ్రంథాన్ని సంఘంలోని స్త్రీలతో కలిసి సరిగ్గా చదవాలంటే ఈస్టరు తర్వాత మొదలుపెట్టి పెంతెకొస్తులోపు ముగించడం మంచిది. యవల కోత పస్కా రోజుల్లో మొదలవుతుంది, గోధుమ కోత పెంతెకొస్తుకు ముగుస్తుంది. రూతు పరిగె, అంటే కోతలో రాలిన వెన్నులు, ఏరుకున్న కాలం అదే. యూదులు నేటికీ పెంతెకొస్తు పండుగకు ఈ గ్రంథాన్నే చదువుతారు. మన దగ్గర ఇంకో లాభం కూడా ఉంది. చుట్టుపక్కల ఊళ్లలో మిరప కోతలు చాలావరకు అప్పటికి అయిపోతాయి కాబట్టి కూలికి వెళ్లే సహోదరీలు కూడా రాగలుగుతారు. ఎండ సంగతి తెలిసిందే. సాయంత్రం ఐదున్నరకు ముందు పెట్టకండి.

ఆరు వారాలు చాలు. మొదటి వారం ఏ వ్యాఖ్యానమూ వద్దు, గ్రంథమంతా బిగ్గరగా చదవండి. నాలుగు అధ్యాయాలు కలిపి 85 వచనాలే, ఇరవై నిమిషాలు పడుతుంది. కథ చెప్పే మాటలు ఒకరు, నయోమి మాటలు ఒకరు, రూతువి ఒకరు, పొలం యజమాని బోయజువి ఒకరు, బేత్లెహేము స్త్రీల మాటలు మిగతా అందరూ కలిసి చదవాలి. విధవరాలిని చూసి "మీరు నయోమి చదవండి" అని మాత్రం అనకండి. ఎవరు ఏది చదువుతారో వాళ్లనే అడగండి. చదువురాని పెద్దమ్మలను వెనక బెంచీలో కాకుండా చదివేవాళ్ల పక్కనే కూర్చోబెట్టండి. బేత్లెహేము స్త్రీల మాటలు రెండుసార్లు వినిపిస్తే వాళ్లకు నోటికి వచ్చేస్తాయి. పాత అనువాదం కష్టంగా ఉందనేవాళ్లకు వాడుక భాషలో ఉన్న బైబిలు ఒకటి పక్కన ఉంచండి. గుంపులో ఎనిమిది నుంచి పన్నెండు మంది ఉండాలి. పదిహేను దాటితే రెండు చేయండి. ఒకే ఇంటి అత్తాకోడళ్లు ఉంటే చెరో గుంపులో వేయండి, లేకపోతే ఇద్దరిలో ఒకరు ఆరు వారాలూ నోరు తెరవరు.

తర్వాత రెండు వారాలు మొదటి అధ్యాయానికే ఇవ్వండి. తక్కిన మూడు అధ్యాయాలకు వారానికొకటి. మొదటిదానికి అంత సమయం ఎందుకంటే, మన కూడికలు తొందరగా దాటేసేది అక్కడే. నయోమి తిరిగి తన ఊరు బేత్లెహేము చేరగానే స్త్రీలు "ఈమె నయోమి గదా" అంటారు. ఆమె ఏమంది? "నన్ను నయోమి అనక మారా అనుడి" అంది. మారా అంటే చేదు. సమృద్ధిగా వెళ్లాను, యెహోవా నన్ను రిక్తురాలిగా తిరిగి రప్పించాడు అంది. దేవుని పేరు పెట్టి నేరుగా చేసిన ఫిర్యాదు ఇది. ఊరంతా వినేలా, పక్కనే రూతు నిలబడి ఉండగా చేసింది. ఈ వచనం దగ్గరికి రాగానే ఎవరో ఒకరు "అలా అనకూడదండీ, అన్నిటికీ స్తోత్రం చెప్పాలి" అంటారు. ఆ మాట అనగానే ఆ గదిలో ఉన్న నయోమిలందరూ నోరు మూసుకుంటారు. కొడుకును పోగొట్టుకున్న తల్లి, అప్పుల్లో ఇల్లు పోయిన ఆవిడ, మళ్లీ గర్భం నిలవని అమ్మాయి, అందరూ. నడిపించేవారి మొదటి పని ఆ మాటను ఆపడం. గ్రంథం నయోమిని గద్దించలేదు. బేత్లెహేము స్త్రీలు కూడా ఎదురు చెప్పలేదు, విన్నారు. ఆమె అడిగినట్టు మారా అని పిలిచిన మనిషి మాత్రం ఈ గ్రంథంలో ఒక్కరూ లేరు.

ఆ వారం ఇంటికి ఒక్క ప్రశ్న ఇచ్చి పంపండి: నయోమి ఫిర్యాదుకు దేవుడు ఎక్కడ జవాబిచ్చాడు? మళ్లీ వారం వెతికి తెమ్మనండి. చాలామంది బోయజు అంటారు, కొందరు క్రీస్తు వంశావళి అంటారు. తప్పు కాదు, కానీ ముందు గింజల లెక్క చూడండి. యెహోవా తానే చేశాడని గ్రంథకర్త తన మాటగా చెప్పేది రెండే చోట్ల. 1:6లో తన జనులకు ఆహారమిచ్చాడు, 4:13లో రూతు గర్భవతి అయ్యేలా అనుగ్రహించాడు. ఈ రెండింటి మధ్య జరిగిందంతా చేతులతో, చేటలతో, దుప్పటితో జరిగింది. యవల కోత ఆరంభంలో ఆ ఇద్దరూ ఊరు చేరారు. రెండో అధ్యాయంలో రూతు ఒక్కతే లేచి పొలానికి వెళ్లింది. నయోమి "నా కుమారీ, పొమ్ము" అంది తప్ప తాను కదల్లేదు. ఆమెను తప్పుపట్టకండి, దుఃఖంలో ఉన్న మనిషి అలాగే కూర్చుంటుంది. సాయంత్రం దాకా ఏరి, దుల్లగొట్టి చూస్తే దాదాపు తూమెడు యవలు.

ఆ తూము ఎంతో చెప్పి వదిలేయకండి, ఎత్తించండి. అది సుమారు ఇరవైరెండు లీటర్లని అంచనా, యవలైతే పదమూడు కిలోల దాకా తూగుతాయి. ఇరవైఐదు కిలోల బియ్యం బస్తాలో సగం నింపి మూతి కట్టి మధ్యలో పెట్టండి. ఒక్కొక్కరూ లేచి ఎత్తుకుని రెండడుగులు వేయాలి. రోజంతా వంగి ఏరిన నడుంతో, ఇంత బరువు మోసుకుంటూ పొలం నుంచి ఊళ్లోకి నడిచిందని అప్పుడు తెలుస్తుంది. అందులోనే ఇంకో చిన్న సంగతి ఉంది, పదునాలుగో వచనం చూడండి. మధ్యాహ్నం బోయజు పెట్టిన పేలాలు తృప్తిగా తిని, మిగిలినవి దాచింది. ఇంటికి వెళ్లాక ఆ మిగిలినవి తీసి అత్తకు పెట్టింది. నయోమి ఆ రాత్రి తిన్నది పచ్చి యవలు కాదు, అప్పటికప్పుడు తినగలిగిన తిండి. ఊరు చేరాక ఆమె నోట మొదటి దీవెన వచ్చింది అది చూశాకే. మూడో అధ్యాయంలో బోయజు రూతు దుప్పటిలో ఆరు కొలల యవలు పోస్తూ, వట్టిచేతులతో నీ అత్త ఇంటికి పోవద్దన్నాడు. రిక్తురాలినన్న ఆవిడకు జవాబు అలా వచ్చింది. ఆ కొల ఎంతని వాదనలోకి దిగకండి, గ్రంథం చెప్పలేదు.

మూడో అధ్యాయంలో రూతు రాత్రివేళ కళ్లంలో బోయజు కాళ్ల దగ్గర పడుకున్న చోట సిగ్గుపడి పరుగెత్తకండి. రెండో అధ్యాయంలోనే బోయజు పనివాళ్లకు ఆమెను ముట్టకూడదని ఆజ్ఞ ఇచ్చాడు, వేరే చేనులో నీకు హాని కలుగుతుందని నయోమి భయపడింది. పొలంలో ఒంటరి ఆడదానికి ఏం జరుగుతుందో వాళ్లకు తెలుసు. తెల్లవారకముందే ఆటోల్లో కిక్కిరిసి కూలికి వెళ్లే మన స్త్రీలకూ తెలుసు. వాళ్లు చెప్పుకోదలిస్తే చెప్పుకోనివ్వండి. కాకపోతే ముందే ఒక మాట అనుకోవాలి: ఇక్కడ విన్నది ఇక్కడే. ప్రార్థన విన్నపం పేరుతో ఆ సంగతి ఆదివారానికి సంఘమంతా పాకిందంటే, ఇక ఆవిడ కూడికకు రాదు, రావాల్సిన అవసరమూ లేదు.

నాలుగో అధ్యాయంలో రూతు ఒక్క మాటా మాట్లాడదు, నయోమి కూడా. ఊరి ద్వారం దగ్గర పదిమంది పెద్దలు కూర్చుంటారు, ఒప్పందానికి గుర్తుగా చెప్పు తీసి ఇవ్వడం, పొలం విడిపించడం అన్నీ మగవాళ్ల మాటల్లోనే జరుగుతాయి. రూతుకు, బోయజుకు బిడ్డ పుట్టాక మాత్రం మాట్లాడేది స్త్రీలే. నయోమి ఫిర్యాదు విన్న ఊరి స్త్రీలే వచ్చి, ఏడుగురు కొడుకులకంటె నీ కోడలు మేలు అంటారు. ఓబేదు అని పేరు పెట్టిందీ వాళ్లే. బైబిలులో స్త్రీల గుంపుకు ఇంతకంటె మంచి ఉద్యోగం కనబడదు. మొదట విన్నారు, కనిపెట్టుకుని ఉన్నారు, చివర్లో పేరు పెట్టారు. అందుకే వాళ్ల మాటలు అందరూ కలిసి చదవాలనేది.

గుంటూరు సంఘాలకు 1:17 చెప్పేటప్పుడు డాక్టర్ అన్నా సారా కుగ్లర్‌ను గుర్తుచేయండి. 1883లో అమెరికా నుంచి ఇక్కడికి వచ్చారు, మన స్త్రీలకు వైద్యం చేశారు, ఆసుపత్రి కట్టించారు, 1930లో ఈ గుంటూరులోనే కన్నుమూశారు. "నీవు మృతిబొందుచోటను నేను మృతిబొందెదను" అన్న మాటను మన ఊరు కళ్లారా చూసింది.

ఇక పరిగె సంగతి. లేవీయకాండము 19లో బీదలకోసం పొలం ఓరలు పూర్తిగా కోయవద్దని దేవుడన్నాడు. బోయజు ఇంకొంచెం ముందుకు వెళ్లి, పనలలోనుంచి కొన్ని కావాలనే లాగి పడేయమన్నాడు, ఆమెను గద్దించవద్దన్నాడు. రూతుకు ఇచ్చినట్టు తెలియకుండా ఇచ్చాడు. అమ్మలారా, క్రిస్మస్‌కు విధవరాళ్లను వరుసగా నిలబెట్టి, చీర చేతిలో పెట్టి, ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టడం మానండి. ఆరో వారం అయ్యాక గుంపులో ఇద్దరిని ఎంచుకోండి. సంఘంలో ఎవరి ఇంట్లో పొయ్యి కష్టంగా వెలుగుతోందో వాళ్లకే తెలియాలి, మిగతావాళ్లు డబ్బో బియ్యమో ఆ ఇద్దరికి ఇచ్చి ఊరుకోవాలి, పేరు అడగకూడదు. బస్తా ఆ ఇంటికి చీకటిపడ్డాక చేరాలి. పెంతెకొస్తు లోపల ఒక్క ఇంటికైనా చేర్చండి.