పేరున్న చావు, పేరులేని చావు

పెద్ద యుద్ధాల గురించి ఏం చదివినా నా కళ్లు ముందు అంకెల మీదికే పోతాయి. 1916 జూలై 1న ఫ్రాన్స్‌లో సోమ్ యుద్ధం మొదలైన ఒక్క రోజులోనే బ్రిటిష్ సైన్యంలో చనిపోయింది 19,240 మంది. సుమారు 19 వేలు అని సరిపెట్టలేదు, ఆ 240 కూడా ఉంది చూడండి. అదే 1943 బెంగాల్ కరువులో ఎంతమంది పోయారంటే 20 లక్షలని ఒకరంటారు, 30 లక్షలని ఇంకొకరంటారు. ఆ మధ్యలో పది లక్షల మంది, ఉన్నట్టా లేనట్టా?

కారణం చాలా మామూలుది. సైనికుడికి నంబరు ఉంటుంది, జీతాల రిజిస్టరు ఉంటుంది, పోతే ఇంటికి కబురు చెప్పాలి, పెన్షన్ ఎవరికివ్వాలో తేల్చాలి. జపాన్ బర్మాను పట్టుకుంది, రేపు ఇక్కడికొస్తే వాళ్లకు దక్కకూడదని ప్రభుత్వమే పల్లెల్లో పడవలూ బియ్యమూ లాగేసుకుని, ధరలు ఆకాశానికంటి, తిండి లేక రోడ్డు పక్కన పడిపోయిన కూలీకి ఏ రిజిస్టరు ఉంది? పైగా వాళ్లలో చాలామంది మలేరియా లాంటి జబ్బులతో పోయారు కాబట్టి యుద్ధంలో చచ్చారని కూడా ఎవరూ అనరు.

సైన్యంలో ఉంటే చాలు పేరు దక్కుతుందనుకుంటే అదీ లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో తూర్పు ఆఫ్రికాలో బ్రిటిష్ సైన్యానికి సామాన్లు మోసిన ఆఫ్రికన్లు వేలకు వేలు చనిపోతే చాలామంది పేర్లు ఏ రాయి మీదా చెక్కలేదు. యుద్ధ సమాధులు చూసుకునే కామన్వెల్త్ సంస్థ దీనికి 2021లో గానీ క్షమాపణ చెప్పలేదు. అదే యుద్ధంలో పారిపోయాడనో పిరికివాడనో బ్రిటిష్ సైన్యమే కాల్చి చంపిన సొంత సైనికులు 306 మంది సంగతి ఇంకోటి. షెల్ షాక్‌తో, అంటే యుద్ధం దెబ్బకు మతి చెడినవాళ్లూ అందులో ఉన్నారు. వాళ్లకు క్షమాభిక్ష దొరికింది 2006లో, అంటే తొంభై ఏళ్లకు. అప్పటికి దాంతో ఎవరికి పని?

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యం చుట్టుముట్టిన రష్యా నగరం లెనిన్‌గ్రాడ్. ఆ ముట్టడి 872 రోజులు సాగింది. 1941 చలికాలంలో పిల్లలకూ ముసలివాళ్లకూ రోజుకు 125 గ్రాముల రొట్టె, అందులోనూ సగం పిండి కాని చెత్త. అక్కడి పిస్కర్యోవ్‌స్కోయె శ్మశానంలో నాలుగు లక్షలకు పైగా పౌరులున్నారు. ఆ సామూహిక సమాధుల రాళ్ల మీద 1942 అని సంవత్సరం ఉంటుంది, పేర్లుండవు.

ఇక యుద్ధం ఎప్పుడు ముగిసిందన్నది కూడా లెక్క రాసేవాళ్ల సౌకర్యమే. 1964 నుంచి 1973 దాకా అమెరికా లావోస్ మీద 20 లక్షల టన్నులకు పైగా బాంబులు వేసింది, క్లస్టర్ బాంబుల్లోని చిన్న గుండ్లు దాదాపు 30 శాతం పేలకుండా పొలాల్లోనే ఉండిపోయాయి. ఆ తర్వాత అవి పేలి చనిపోయినవాళ్లూ గాయపడ్డవాళ్లూ 20 వేలకు పైనే, అందులో బంతి అనుకుని చేతిలోకి తీసుకున్న పిల్లలెంతోమంది. యుద్ధం ఆగిపోయాక పుట్టిన పిల్లలు వీళ్లు.

ఈ విషయంలో హిరోషిమా చేసే పని నాకు సబబుగా అనిపిస్తుంది. బాంబు దెబ్బకు గురై బతికినవాళ్లలో ఆ ఏడాది ఎవరెవరు చనిపోయారో చూసి, ఏటా ఆగస్టు 6న వాళ్ల పేర్లు కూడా రిజిస్టరులో చేరుస్తారు. ఇప్పటికి అందులో 3 లక్షలకు పైగా పేర్లున్నాయి. కేన్సర్‌తో పోయారా, వయసు మీదపడి పోయారా అన్న విచారణ అక్కడ లేదు.