అమ్మకానికి వచ్చిన 1969 షెవెల్: ఒంగోలు షెడ్డు నుంచి చూసినప్పుడు

రెండు నెలల క్రితం ఒక రాత్రి పది దాటాక, ఒహాయోలో ఉంటున్న మా అక్క కొడుకు వీడియో కాల్ చేసి, తాను కొనదలచుకున్న కారును ఒకసారి చూసి పెట్టమని అడిగాడు. అది 1969 నాటి షెవర్లే షెవెల్ ఎస్ఎస్ (సూపర్ స్పోర్ట్) 396. ముదురు నీలం రంగు, నల్లని వినైల్ పైకప్పు, అద్దంలా మెరిసే బంపర్లు. పూర్తిగా విప్పి, మళ్ళీ కొత్తగా కట్టిన బండి అని అమ్మేవారు ప్రకటనలో రాశారు. ఒంగోలులో ముప్పయి ఏళ్ళుగా టింకరింగ్ షెడ్డు నడుపుతున్న నాకు మజిల్ కారు అని పిలిచే ఆ అమెరికన్ జాతి కారును చేత్తో తాకే అవకాశం ఎన్నడూ రాలేదు గాని, రేకు ఎక్కడైనా రేకే, తుప్పు ఎక్కడైనా తుప్పే కనుక చూస్తానని ఒప్పుకున్నాను.

మజిల్ కారు అంటే ఏమిటో మా షెడ్డులో కుర్రవాళ్ళకు చెప్పేటప్పుడు నేను అంబాసిడర్‌తో మొదలుపెడతాను. మనం ఏళ్ళ తరబడి విప్పి బిగించిన అంబాసిడర్ పెట్రోలు ఇంజన్ 1489 సీసీ. షెవెల్‌లోని 396 అనే అంకె క్యూబిక్ అంగుళాల లెక్క. మన లెక్కలో అది దాదాపు 6,500 సీసీ, అంటే నాలుగు అంబాసిడర్లకు పైమాటే. మధ్యరకం కుటుంబ కారులో పెద్ద కారు ఇంజన్‌ను బిగించడమే ఈ జాతి పుట్టుకలోని కిటుకు. మధ్యరకం కార్లలో 330 క్యూబిక్ అంగుళాలకు మించిన ఇంజన్ పెట్టరాదని జనరల్ మోటార్స్ కంపెనీలో అప్పట్లో కట్టుబాటు ఉండేది. అదే కంపెనీలోని పాంటియాక్ విభాగంలో జాన్ డెలోరియన్ బృందం 1964లో టెంపెస్ట్ కారుకు 389 ఇంజన్‌ను అదనపు సదుపాయంగా చూపించి, జీటీఓ అనే పేరుతో ఆ కట్టుబాటును దాటవేసింది. ఆ తరువాత కంపెనీలన్నీ అదే బాట పట్టాయి. 1970ల మొదట్లో ఇన్సూరెన్సు భారం, పొగ నిబంధనలు, 1973 నాటి చమురు సంక్షోభం ఒకదాని వెంట ఒకటి వచ్చి పడడంతో ఆ వైభవం పదేళ్ళు కూడా నిలవలేదు. అందుకే మిగిలిన కార్లకు అంత గిరాకీ. గిరాకీ ఉన్నచోట నకిలీ కూడా ఉంటుంది.

ఈ కారు విషయంలో నకిలీకి ప్రత్యేకమైన సందు ఒకటి ఉంది. 1968 వరకు ఎస్ఎస్ 396 కార్లకు ఫ్యాక్టరీ వేసే గుర్తింపు నంబరు 138తో మొదలయ్యేది కాబట్టి, నంబరు చూస్తే చాలు, అసలుదో కాదో తెలిసిపోయేది. 1969లో ఎస్ఎస్ అనేది జెడ్25 అనే కోడ్‌తో అదనపు సదుపాయంగా మారిపోయింది. దానితో షెవెల్‌లోనే మామూలు రకమైన ఎనిమిది సిలిండర్ల మాలిబు కారుకూ, మాలిబు ఎస్ఎస్ కారుకూ నంబరు ఒకే తీరుగా, 136తో మొదలవుతుంది. అమెరికా చట్టం ప్రకారం డాష్‌బోర్డు మీద, ముందు అద్దంలోంచి కనిపించేలా అమర్చిన నంబరు పలక ఎంత స్పష్టంగా ఉన్నా, ఆ ఒక్క ప్రశ్నకు జవాబివ్వదు. మాలిబుకు ఎస్ఎస్ బ్యాడ్జీలు అతికించి అమ్మేవారు ఉన్నారు. అలాంటప్పుడు ఆధారాలను కారు లోపల వెతకాలి.

మా మేనల్లుడిని మొదట కారు వెనక్కి పంపించి, కింద పడుకుని, ఫోను టార్చి వెలుగులో వెనక ఇరుసు మధ్యలోని గుండ్రని మూత చూపించమన్నాను. 396 ఇంజన్ బలానికి తట్టుకోవడానికి ఎస్ఎస్ కారుకు పన్నెండు బోల్టుల ఇరుసు వేసేవారు. మామూలు మాలిబుకు పది బోల్టులది. అతడు ఒక్కొక్క బోల్టు మీద వేలు పెట్టి గట్టిగా లెక్కపెట్టి, "పన్నెండు, మామయ్యా" అన్నాడు. ఇరుసును తరువాత మార్చి ఉండవచ్చు కాబట్టి అక్కడితో ఆగకుండా బానెట్ తెరిపించాను. ఇంజన్ ముందు భాగంలో, కుడివైపు సిలిండర్ హెడ్‌కు ఎదురుగా, చదునుగా కోసిన చిన్న మెట్టు ఉంటుంది. తయారైన తేదీ, ఇంజన్ రకాన్ని తెలిపే అక్షరాలు, కారు నంబరులోని చివరి అంకెలు అక్కడ పంచ్‌తో కొట్టి ఉంటాయి. నేను అంకెల కంటే ముందు ఆ మెట్టు ఉపరితలాన్ని చూశాను. ఫ్యాక్టరీలో కోత యంత్రం నడిచినప్పుడు దువ్వెనతో దువ్వినట్టు సన్నని సమాంతర గీతలు పడతాయి. ఎవరైనా పాత అంకెలను అరగదీసి కొత్తవి కొడితే ఆ గీతలు చెరిగిపోతాయి. ఈ ఇంజన్ మీద గీతలు చెక్కుచెదరలేదు, అంకెలు డాష్‌బోర్డు పలకతో సరిపోయాయి. పైగా, బండి విప్పినప్పుడు పెట్రోలు ట్యాంకు మీద దొరికిన, కారుకు ఏయే సదుపాయాలు బిగించాలో రాసిన ఫ్యాక్టరీ కాగితాన్ని అమ్మే పెద్దాయన ప్లాస్టిక్ సంచిలో భద్రంగా దాచిపెట్టారు. అంచులు ఎలుక కొరికినట్టున్న ఆ గోధుమరంగు కాగితం మీద జెడ్25 కనిపించగానే, కారు అసలుదేనని నా మనసుకు నమ్మకం కలిగింది.

ఇక మిగిలింది నా పని. మా తాత ఎడ్ల సంతకు వెళ్ళినప్పుడు గిత్త మూపురం చూసి మురిసిపోకుండా, ముందు నోరు తెరిపించి పళ్ళు చూసేవాడు, తరువాత గిట్టలు చూసేవాడు, చివరికి నడిపించి చూసేవాడు. బ్రెజిల్‌కు చేరి అక్కడ నెలోర్ అనే పేరుతో మందలు మందలుగా పెరిగిన పశువుల సీమ ఇది. బలమైన జంతువును ఎలా ఎంచాలో ఇక్కడివారికి ఒకరు నేర్పనక్కరలేదు. కారులో గిట్టలంటే డోర్ల అడుగు, వెనక చక్రాల వెనక ఉండే రేకు, డిక్కీ అడుగు. కొత్తపట్నం తీరం నుంచి చేపల లోడు ఎత్తే వ్యాన్లు మా షెడ్డుకు వచ్చినప్పుడు పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. ఉప్పునీరు కారి అడుగు రేకు మాత్రం అప్పడంలా విరుగుతుంది. ఒహాయోలో సముద్రం లేకపోయినా, చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. తుప్పు మొదలయ్యే చోట్లు అక్కడా అవే.

ఫ్రిజ్ తలుపుకు అంటించే చిన్న అయస్కాంతాన్ని పలుచని గుడ్డలో చుట్టి, రంగు గీరుకోకుండా, రేకు మీద అడుగడుగునా ఆనించి చూడమన్నాను. కుడివైపు అంతటా పట్టుకుంది. ఎడమవైపు వెనక చక్రం దాటాక, బంపరుకు జానెడు దూరంలో, అయస్కాంతం జారి నేల మీద పడింది. మళ్ళీ ఆనించాడు, మళ్ళీ పడింది. వేలి కణుపుతో తట్టమన్నాను. మిగతా చోట్ల ఖంగుమన్న రేకు అక్కడ తడిసిన చెక్కలా మూగగా పలికింది. అది రేకు కాదు, రంగు కింద పూసి నున్నగా దిద్దిన పుట్టీ అని నాకు వేరే రుజువు అవసరం లేకపోయింది.

ఆ పెద్దాయన మంచివారు. క్లచ్ తొక్కడానికి మోకాళ్ళు సహకరించక కారును అమ్ముకుంటున్నారట. మా మేనల్లుడు సంగతి చెప్పగానే కోపం తెచ్చుకోకుండా, లోపలికి వెళ్ళి, పునరుద్ధరణ జరిగినన్నాళ్ళూ తీయించిన ఫోటోల ఆల్బమ్ తెచ్చారు. బాడీ పనిని ఆయన ఒక షెడ్డుకు అప్పగించారు. కుడివైపు తుప్పు రేకును కోసి, కొత్త రేకు వెల్డింగు చేసిన ఫోటోలు వరుసగా ఉన్నాయి. ఎడమవైపు పని జరిగినట్టు ఒక్క ఫోటో కూడా లేదు. ఆ తరువాతి పేజీలో ఏకంగా రంగు వేసిన కారు ఉంది. రెండువైపులకూ డబ్బు చెల్లించానని ఆయన అన్నారు. కెమెరా ఆ పేజీ మీద చాలాసేపు నిలిచిపోయింది. మా వృత్తిలో అంతకంటే పెద్ద ద్రోహం లేదని నేను నిజంగా నమ్ముతాను. పైకి కనిపించే రంగుకు వంక పెట్టడం ఎవరికైనా చేతనవుతుంది. రంగు కింద ఏముందో చేసినవాడికే తెలుసు, యజమాని ఆ మనిషి మాట మీదే డబ్బు ఇస్తాడు.

పునరుద్ధరించిన కారు కొనేవారు ఫోటోల ఆల్బమ్‌ను చూసే పద్ధతి ఒకటి చెప్పాలి. మెరిసే ఫోటోలను త్వరగా తిప్పేసి, కారు అసహ్యంగా ఉన్న ఫోటోల దగ్గర ఆగండి. చిల్లులు పడిన అడుగు రేకు, ఇసుక కొట్టి తెల్లబడిన చాసిస్, వినైల్ ఒలిచిన పైకప్పు, వెనక అద్దం కింది మూలలు కనిపించాలి. ఈ కార్లలో వినైల్ కింద చేరిన తేమ ఆ మూలలను తినేస్తుంది, అక్కడి నుంచి నీరు డిక్కీలోకి దిగుతుంది. ఏ మూల ఫోటో లేదో ఆ మూలను చేత్తో తడిమి చూడాలి.

ఇలాంటి కారు మన దగ్గర ఉంటే తిప్పుకోవచ్చా అని కుర్రవాళ్ళు అడిగారు. 2021లో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం, యాభై ఏళ్ళు దాటి అసలు రూపంలోనే ఉన్న వాహనాన్ని వింటేజ్‌గా నమోదు చేస్తారు. రుసుము 20,000 రూపాయలు, రిజిస్ట్రేషన్ నంబరులో వీఏ అనే అక్షరాలు ఉంటాయి. ప్రదర్శనలకూ, ర్యాలీలకూ, మరమ్మతులకూ తీసుకువెళ్ళవచ్చు గాని రోజూ రోడ్డు మీద తిప్పకూడదు.

పెద్దాయన ధర 4,000 డాలర్లు తగ్గించారు, మా మేనల్లుడు కొన్నాడు. పోయిన ఆదివారం ఎడమవైపు రంగు గీకితే, పుట్టీ అర అంగుళం మందాన పెచ్చుగా ఊడివచ్చింది. దాని కింద అరచేయంత చిల్లు, చిల్లుకు అడ్డంగా దోమతెర లాంటి జాలీ ముక్క. ఆ ఫోటో చూసిన పెద్దాయన, కొత్త రేకు డబ్బు తానే ఇస్తానని, వెల్డింగు రోజున వచ్చి పక్కన కూర్చుంటానని అన్నారట. రేకు వచ్చే వారం చేరుతుంది. ముందుగా చిల్లు వరకే కాకుండా, దాని చుట్టూ గట్టి రేకు తగిలేవరకు కోయాలనీ, వెల్డింగు ఒకేచోట లాగకుండా అంగుళం అంగుళం దూరంగా చుక్కలు పెడుతూ చల్లారనివ్వాలనీ, లేకపోతే రేకు వేడికి అలలు తిరుగుతుందనీ చెప్పాను. ఆ రాత్రి షెడ్డులోనే ఉండి, ఫోను బల్ల మీద నిలబెట్టుకుని చూస్తాను.