బల్లార్‌పూర్ క్వార్టర్‌లో బాలింత నిద్ర

మంచిర్యాల, కాగజ్‌నగర్ వైపు నుంచి వచ్చి మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలోని బల్లార్‌పూర్ పేపరు మిల్లులోనో, రాజురా చుట్టుపక్కల బొగ్గు గనుల్లోనో పనిచేసే మనవాళ్లలో మొదటి కాన్పు మామూలుగా తల్లిగారింట్లోనే. రెండోది చాలాసార్లు ఇక్కడే అవుతుంది. పెద్దబిడ్డకు బడి, ఆయనకు షిఫ్టు. రైలెక్కితే తల్లిగారిల్లు రెండు మూడు గంటలే, కానీ అర్ధరాత్రి రెండింటికి బిడ్డ లేస్తే క్వార్టర్‌లో ఉండేది ఇద్దరే.

"బిడ్డ పడుకున్నప్పుడు నువ్వూ పడుకో" అని అందరూ చెబుతారు. లెక్క చూడండి. పసిబిడ్డ రోజుకు 14 నుంచి 17 గంటలు పడుకుంటుంది, కానీ ఒక్కో కునుకు రెండు మూడు గంటలే. 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు పాలు తాగుతుంది. పాలిచ్చి, తేన్పు రప్పించి, గుడ్డ మార్చి పడుకోబెట్టేసరికి ముప్పావు గంట. తల్లి కళ్లు మూతపడేలోగా మళ్లీ ఏడుపు. ముక్కలు ముక్కలుగా ఏడు గంటలు పడుకున్నా ఒళ్లు తేరుకోదు. కాబట్టి ఇంట్లో ముందు కుదుర్చుకోవాల్సింది ఒకటే: ఇద్దరికీ రోజుకొకసారి, ఎవరూ లేపకుండా, నాలుగు గంటల ఏకనిద్ర.

అది షిఫ్టును బట్టి కుదరాలి. పాళీలు పొద్దున 8 నుంచి 4, 4 నుంచి 12, 12 నుంచి 8 అనుకుందాం. మీ వేళలు వేరైతే గంట అటూ ఇటూ జరుపుకోండి. పొద్దుటి పాళీ వారంలో తల్లి రాత్రి ఎనిమిదిన్నరకు పాలిచ్చి పడుకోవాలి, పన్నెండున్నర దాకా బిడ్డ తండ్రిది. ఆ తర్వాత ఆయన ఆరింటిదాకా లేవకూడదు. రెండో పాళీలో ఆయన ఒంటిగంటకు పడుకుని ఆరింటికి లేస్తాడు, ఆరు నుంచి పది దాకా తల్లి నిద్ర. రాత్రి పాళీ వారమే కష్టం. సాయంత్రం ఆరున్నర నుంచి పదిన్నర దాకా తల్లి పడుకోవాలి, ఆయన పదకొండుకు బయల్దేరతాడు. పొద్దున వచ్చాక స్నానం చేసి, తిని, తొమ్మిదిన్నరకల్లా పడుకోవాలి. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. రాత్రంతా ఆమె ఒక్కతే పడిందని జాలితో బిడ్డను ఎత్తుకుని పన్నెండు దాకా కూర్చుంటారు. ఆ రెండున్నర గంటలు పోగొట్టుకుని మళ్లీ డంపరు ఎక్కినా, బైకు తీసినా ప్రాణం మీదికొస్తుంది.

తల్లి నిద్రలో బిడ్డకు ఆకలేస్తే? మొదటి మూడు నాలుగు వారాలు తండ్రి బిడ్డను తెచ్చి తల్లి పక్కన పెట్టి, ఆమె ఒక పక్కకు తిరిగి పాలిచ్చాక తీసుకెళ్లిపోవాలి. తేన్పు, గుడ్డ ఆయన పని. మొదటి రెండు వారాలు మూడు గంటలు దాటనివ్వకుండా బిడ్డను లేపి తాగించాలి. నెలలు నిండి పుట్టిన ఆరోగ్యమైన బిడ్డకు పుట్టిన బరువు తిరిగి వచ్చిందని తూచి చూశాక, రాత్రి ఒకసారి నాలుగు గంటలు పడుకున్నా లేపక్కర్లేదు. పాలు బాగా కుదురుకున్నాక 60 నుంచి 90 మిల్లీలీటర్లు చేత్తో పిండి పెడితే తండ్రి ఉగ్గుగిన్నెతో పట్టొచ్చు. 25 డిగ్రీల గదిలో నాలుగు గంటలు నిలిచే పాలు చంద్రపూర్ మే నెలలో నిలవవు. పిండిన వెంటనే ఫ్రిజ్‌లో, తలుపులో కాకుండా లోపలి గోడకు ఆనించి పెట్టాలి. వేడినీళ్ల గిన్నెలో ఉంచి గోరువెచ్చన చేయాలి, పొయ్యి మీద కాదు.

రాత్రి పాలివ్వడమూ కుదించుకోవచ్చు. పడుకునే ముందే చేతికందేలా మంచినీళ్ల సీసా, మడతపెట్టిన గుడ్డలు మూడు, తుడిచే తడిగుడ్డ, తడిసినవి వేసే బకెట్. పెద్దలైటు వేయొద్దు, సెల్లు పట్టొద్దు, బిడ్డతో మాట కలపొద్దు. ఒక రొమ్ము తాగాక గుడ్డ మార్చండి. ఆ కదలికకు బిడ్డ కొంచెం తెలివిలోకొచ్చి రెండోది బాగా తాగుతుంది. ముందు కడుపునిండా తాగించి చివర మారిస్తే పూర్తిగా లేచి కూర్చుంటుంది. మధ్యలోనే మారిస్తే ముప్పావు గంట పని అరగంటకు దిగుతుంది. పగలు మాత్రం కిటికీలు తీయండి, గిన్నెల చప్పుడు కానివ్వండి. రాత్రీ పగలూ తేడా తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది.

నిద్రమత్తులో సోఫా మీద కూర్చుని పాలివ్వడం ప్రమాదం. బిడ్డను వెల్లకిలా, గట్టి పరుపు మీద, దిండు లేకుండా పడుకోబెట్టాలి. చీర తొట్టెలలో గడ్డం ఛాతీకి ఆనుకుంటుంది, రాత్రి నిద్రకు వద్దు. ఎయిర్ కూలర్ గాలి సూటిగా తగలనివ్వకూడదు.

పగలు బిడ్డకు మంచి నిద్ర పట్టేది నూనె రుద్ది స్నానం చేయించాకే. ఆ స్నానానికి ముందే తల్లి భోంచేయాలి. బిడ్డ పడుకున్నాక అన్నానికి కూర్చుంటే ఆ రెండు గంటలూ పోయినట్టే.

ఊరి నుంచి అమ్మ వస్తే ఆమెకు వంటిల్లు, పెద్దబిడ్డ బడి అప్పగించండి. అత్తగారూ అమ్మా ఒకేసారి రాకుండా, ఒకరు వెళ్లాక ఒకరు రావాలి. తండ్రి సెలవు కూడా కాన్పు రోజుల్లోనే అంతా వాడేయొద్దు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి 15 రోజుల పితృత్వ సెలవు ఆరు నెలల్లోపు ఎప్పుడైనా వాడుకోవచ్చు. ఇల్లు నిజంగా ఖాళీ అయ్యేది అమ్మ రైలెక్కిన మర్నాడు. కాంట్రాక్టు కూలీకి ఆ సెలవు లేదు, కూలి పోతుంది. కాబట్టి వారపు సెలవంతా తల్లి నిద్రకే కేటాయించాలి.

పక్కింటి ఆడవాళ్లు ప్రేమతో బాళ్‌గుటీ (పసిబిడ్డలకు పట్టే మూలికల మందు) అరగదీసి తెస్తారు, నాలుకకు రాస్తే బిడ్డ బాగా పడుకుంటుందని. తీసుకుని దండం పెట్టి పక్కన పెట్టండి. ఆరు నెలలు తల్లిపాలు తప్ప నీళ్లు కూడా వద్దు.

ఆస్పత్రి కాన్పయితే ఆశా తాయి (ఊరి ఆశా ఆరోగ్య కార్యకర్త) 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావాలి. ఆమెతో మాట్లాడే మరాఠీ ముక్కలు తండ్రికి వస్తే చాలదు, ఆయన గనిలో ఉంటాడు, తల్లికి రావాలి. "దూధ్ పీత్ నాహీ" అంటే పాలు తాగట్లేదు, "తాప్ ఆహే" అంటే జ్వరం. ఈ రెండింటిలో ఏది ఉన్నా, ఊపిరి నిమిషానికి 60 దాటినా, ఫిట్స్ వచ్చినా ఆమె కోసం ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

కాన్పయిన మొదటి రోజుల్లో కారణం లేకుండా ఏడుపు రావడం మామూలే. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, బిడ్డను తండ్రి ఎత్తుకెళ్లి గది చీకటి చేసినా తల్లికి నిద్ర పట్టకపోతే, అది అలసట మాత్రమే కాదు. డాక్టరుకు చూపించండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్‌ 14416కు ఏ వేళకైనా ఫోన్ చేయొచ్చు, ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. తనను తాను గానీ బిడ్డను గానీ ఏమైనా చేసుకోవాలన్న ఆలోచన వస్తే ఆమెను ఒంటరిగా వదలకుండా ఆ పూటే ఆస్పత్రికి తీసుకెళ్లాలి, ఆ రోజు పాళీకి వెళ్లొద్దు.