మరియుపోల్ చూశాక

నిన్న '20 డేస్ ఇన్ మరియుపోల్' చూశాను. 2022లో రష్యా సైన్యం ఉక్రెయిన్ నగరం మరియుపోల్‌ను ముట్టడించినప్పుడు అక్కడే ఉండి తీసిన డాక్యుమెంటరీ ఇది. 2023లో అమెరికాలోని సన్‌డాన్స్ చిత్రోత్సవంలో ప్రేక్షకుల అవార్డు, కీవ్‌లో జరిగే మానవ హక్కుల డాక్యుమెంటరీ ఉత్సవం డాక్యుడేస్‌లో బహుమతులు, 2024లో ఆస్కార్. ఇవన్నీ తెలిసే కూర్చున్నా, మధ్యలో ఆపి లేచి నీళ్లు తాగి రావాల్సి వచ్చింది.

2022 మార్చి 9న ప్రసూతి ఆసుపత్రి మీద బాంబు పడింది. స్ట్రెచర్ మీద మోసుకెళ్తున్న ఆ గర్భిణి ఫొటో అప్పట్లో ప్రపంచమంతా చూసింది. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కలేదు. వేరే ఆసుపత్రిలో డాక్టర్లే కెమెరాను లోపలికి పిలిచి తీయండి, అందరికీ చూపించండి అంటారు. ఆ గొంతులు ఇంకా వదల్లేదు.

అయితే నన్ను ఎక్కువ పట్టేసింది ఆ వీడియోలు బయటికి వెళ్లిన తీరు. ఊళ్లో కరెంటు లేదు, నెట్ లేదు. దర్శకుడు మిస్టిస్లావ్ చెర్నోవ్, అతని తోటి అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) వార్తాసంస్థ జర్నలిస్టులు సిగ్నల్ కాస్త దొరికిన చోట కూర్చుని, వీడియోను ముక్కలు చేసి మూడు ఫోన్లతో గంటల తరబడి పంపారు. అంత కష్టపడి పంపితే, రష్యా అధికారులేమో ఇదంతా నాటకం, వాళ్లు నటులు అన్నారు! అక్కడ నాకు ఏడుపు కంటే కోపమే ఎక్కువొచ్చింది.

నేపథ్య సంగీతం మాత్రం అక్కర్లేదనిపించింది. ఆ దృశ్యాలకు అదనంగా ఏదీ కలపనవసరం లేదు.

అసలీ సినిమా తీయాల్సిన అవసరమే రాకుంటే బాగుండేదని ఆస్కార్ వేదిక మీద చెర్నోవే అన్నాడు.

చూడాలనుకుంటే పడుకునే ముందు వద్దు. పిల్లలు పక్కనుంటే అసలే పెట్టకండి.